రొయ్యల ఇంటి నుంచి సెంటు కొట్టు దాకా

మా ఇంట్లో పొద్దున్నంటే ముందు దీపం, తర్వాత రొయ్యలు. ఆ శుక్రవారం కూడా అలాగే మొదలైంది. చీకటి విడకముందే స్నానం చేసి దీపం పెట్టాను. గంధం అరగదీసి నరసింహస్వామి పటానికి బొట్టు పెట్టి, సహస్రనామం చదువుకున్నాను. తర్వాత శనగపిండితో చేతులు తోముకుని, తలలో పువ్వు తీసి పటం ముందే ఉంచి దొడ్లోకి వెళ్ళాను. ఎండు సరుకు దగ్గరికి పువ్వుతో గాని, గంధం చేతితో గాని వెళ్ళకూడదు. తగిలిన ప్రతి వాసననీ అది పీల్చేసుకుంటుంది. మా అమ్మ నాటి నుంచి ఇంట్లో ఇదే కట్టుబాటు. మరదలు వరలక్ష్మి అప్పటికే వలలు పరిచి, ముందురోజు సగం ఎండిన రొయ్యపొట్టు మీది గోనెలు తీస్తోంది. ఇద్దరం వంగి చేతులతో తిరగేస్తుంటే కాకులు చేరాయి. తమ్ముడు శ్రీను పక్కన కర్ర పెట్టుకుని అరుగు మీద టీ తాగుతున్నాడు. ఆకాశంలో మబ్బు లేదు. ఎండ బాగా కాస్తుందనిపించింది. ఇంతవరకూ రోజూ జరిగేదే.

అప్పుడు నర్సాపురం నుంచి పంటు మీద గోదావరి దాటి వ్యాపారి వచ్చాడు. మా సరుకు ఎప్పటి నుంచో ఆయనే కొంటున్నాడు. వసారాలో కట్టి ఉంచిన గోనెసంచి మూతి విప్పి, గుప్పెడు తీసి వాసన చూశాడు. మళ్ళీ చూశాడు.

"ఇదేంటండీ అక్కగారూ, మగపెళ్ళివారి విడిదిలా ఉంది? రొయ్యలకి సెంటు కొట్టేరా ఏంటండీ?"

శ్రీను లేచి నిలబడ్డాడు. "సెంటేంటండీ బాబూ, మా ఇంట్లోనా?"

"మీరే చూసుకోండి మరి."

ముగ్గురం గుప్పెడేసి తీసి చూశాం. మాకేమీ తెలియలేదు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. కట్టి ఉంచిన సంచులు అలాగే వదిలేసి, ఆరుబయట సరుకు ఎండాక కబురు చెయ్యమని వెళ్ళిపోయాడు. శ్రీను గుమ్మం వైపు తిరిగాడు. అక్కడ మా ఆఖరి చెల్లెలు దుర్గ ఆఫీసుకి తయారై నిలబడి ఉంది. వసారా పక్క గది దానిదే. చున్నీ కొస ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంటోంది.

దుర్గ అమలాపురంలో రక్తపరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో ముందు కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. వచ్చినవాళ్ళ పేర్లు రాసుకోవడం, డబ్బు కట్టించుకోవడం, రిపోర్టులు ఇవ్వడం దాని పని. మా ఇంట్లో చేతికి తడి అంటని ఉద్యోగం చేసిన మొదటి మనిషి అదే. పక్షం రోజుల కిందట అక్కడి మేనేజరు మేడమ్ దాన్ని పిలిచి, నీ దగ్గర చేపల వాసన వస్తోంది, జనం అడుగుతున్నారు అంది. దుర్గ ఫోన్లో చూసి ఒక చిన్న సీసా తెప్పించుకుంది. గట్టి రకమైతే రొయ్యల్ని మూసేస్తుందనుకుంది. రెండు రోజులకి ఆ వాసన దానికే తెలియడం మానేసింది. అయిపోయిందేమోనని ఇంకాస్త కొట్టుకుంది. మర్నాడు ఇంకాస్త. అలా ఆ వారమే పరగడుపున రక్తం ఇవ్వడానికి వచ్చిన ఒక ముసలావిడ కౌంటర్ ముందే ఆ ఘాటుకి కళ్ళు తిరిగి కూలబడింది. సోమవారానికల్లా సరిచేసుకోకపోతే వెనక గదిలో సీసాలు కడిగే పనికి మారుస్తానని మేడమ్ చెప్పేసింది. ఇదంతా దుర్గ మాకు ఆ పొద్దున్నే చెప్పింది.

"అక్కడ రొయ్యల కంపంటారు, ఇక్కడ సెంటు కంపంటారు. ఏదో ఒకటి తేల్చవే తల్లీ," అన్నాడు శ్రీను. వాడి గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. మాకు ఆ సంచులే తిండి.

"ఊరుకోరా. నేను దాంతో వెళ్తాను. సరుకుకి అంటనిదీ, ఆఫీసులో పనికొచ్చేదీ ఏదైనా ఉందేమో అడిగి తెస్తాను," అన్నాను. దుర్గ ఫోన్ చేసి మధ్యాహ్నం నుంచి వస్తానని చెప్పింది. మంచి సబ్బుతో మళ్ళీ స్నానం చేసి, ఉతికి దూరంగా దండెం మీద ఆరేసిన బట్టలు కట్టుకుంది. ఆ రోజు దానికి సెంటు వద్దన్నాను. సెంటు కొనడానికి వెళ్ళేవాళ్ళు ఒంటి మీద ఏ సెంటూ లేకుండా వెళ్ళాలి. నాకు ఎవరూ చెప్పలేదు. వంట రుచి చూసే ముందు నోరు పుక్కిలిస్తాం కదా అనిపించింది.

మా ఊరు అంతర్వేది రోడ్డు మీద ఉంది. అక్కడి నుంచి సఖినేటిపల్లి సెంటర్‌కి షేర్ ఆటో, మనిషికి ఇరవై. అక్కడ రాజోలు బస్సు ఎక్కి, రాజోల్లో దిగి అమలాపురం బస్సు ఎక్కాలి. ఆధార్ కార్డు దగ్గరుంటే ఇప్పుడు ఆడవాళ్ళకి పల్లెవెలుగు బస్సులో డబ్బు అక్కర్లేదు, కండక్టరు సున్నా టికెట్టు చింపి ఇస్తాడు. తాటిపాక, నగరం, మామిడికుదురు మీదుగా పాశర్లపూడి వంతెన దాటితే బోడసకుర్రు, ఆ తర్వాత అమలాపురం. రాజోలు నుంచి గంట పైనే పడుతుంది. ఎనిమిదికీ తొమ్మిదికీ మధ్య ఎక్కితే కాలేజీ పిల్లలతో నిలబడాల్సి వస్తుంది. మేము తొమ్మిదిన్నరకి ఎక్కాం కాబట్టి సీటు దొరికింది.

మా పక్క సీట్లో ఒకావిడ కూర్చుంది. ముఖం చూస్తే మాట్లాడే మనిషిలా ఉంది. నాకు ఆ పొద్దున్నుంచీ ఒకటే అనుమానం. దుర్గ దగ్గర నిజంగా వాసన వస్తోందా, రావట్లేదా? మా ముక్కులు మాకు చెప్పవు. పుట్టిన దగ్గర్నుంచీ అందులోనే ఉన్నాం. పరాయి ముక్కు కావాలి. అందుకని సిగ్గు విడిచి అడిగాను.

"అమ్మా, ఏమీ అనుకోకు. మా చెల్లి దగ్గర ఏమైనా వాసన వస్తోందా?"

"పెద్దక్కా!" అని దుర్గ నా చెయ్యి గిల్లింది.

ఆవిడ నిజంగానే వంగి చూసింది. "సబ్బు వాసనండీ." వెంటనే నవ్వేసింది. "అయినా నన్నడుగుతారేంటండీ? నేను చేపలమ్మే మనిషిని. ఖాళీ తట్ట ఎనకాల పెట్టేను. నాకు మల్లెపూలు కూడా చేపల్లాగే ఉంటాయండీ."

"ఖాళీదైనా ఇక్కడిదాకా తెలుస్తోందిలే పిన్నీ," అన్నాడు కండక్టరు ముక్కు మూసుకుని.

"ఆయ్, ఎందుకు తెలీదు బాబూ! మొన్న కొరమేను బేరమాడి పట్టుకెళ్ళినప్పుడు తెలీలేదు కాబోలు."

బస్సులో నలుగురూ నవ్వారు. కండక్టరు కూడా నవ్వాడు. దుర్గ ఒక్కతే నవ్వలేదు. పాశర్లపూడి వంతెన మీద నేను వైనతేయ గోదావరికి దండం పెట్టుకుంటుంటే అది కిటికీ వైపు తిరిగి చెప్పింది.

"నాలుగు నెలలు ఎవ్వరూ ఏమీ అనలేదు పెద్దక్కా. మీ వైపు ఎండు రొయ్యలు బాగుంటాయట కదా, తెచ్చిపెట్టవా అని మేడమే అడిగేరు. తీసుకెళ్ళేను. ఏ కొట్లో కొన్నావని అడిగితే, కొనలేదండీ, మా ఇంట్లో మేమే ఎండబెడతాం అని గొప్పగా చెప్పేను. వంకాయలో వండుకున్నాం, అదిరిపోయిందన్నారు. ఆ మర్నాటి నుంచే వాసన."

నా నోటికి వచ్చినవి అనదగినవి కావు. స్వామి పేరు తలుచుకుంటూ కూర్చున్నాను. అయినా న్యాయంగా ఆలోచించాలి కదా. వాసన ఉండే ఉండవచ్చు, వాళ్ళు ఆలస్యంగా చెప్పి ఉండవచ్చు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

బస్టాండు నుంచి గడియార స్తంభం సెంటర్‌కి ఆటోలో వెళ్ళాం. అక్కడ గాజులు, ఫ్యాన్సీ సామాను అమ్మే కొట్లలో సెంట్లు కూడా ఉంటాయి. సెంట్లే అమ్మే చిన్న కొట్టు ఒకటి ఉంటే అందులోకి వెళ్ళాం. కౌంటర్ దగ్గర పాతికేళ్ళ అమ్మాయి ఉంది. విషయం దాచకుండా చెప్పాను. మాది ఎండు రొయ్యల ఇల్లు, అమ్మాయిది ఏసీ గదిలో ఉద్యోగం, రెండు చోట్లా తిట్లు పడకూడదు అన్నాను. చివరికి ఆమెని కూడా అడిగాను, దీని దగ్గర వాసన వస్తోందా అని.

"నన్ను నమ్మకండి ఆంటీ. పొద్దున్నే పది రకాలు కొట్టి చూపించేసరికి నా ముక్కు చచ్చిపోద్ది. సాయంత్రం ఇంటికెళ్తే కూర మాడినా తెలీదు, మా అత్తగారు ఒకటే తిట్లు," అంది.

దుర్గ అప్పుడు నవ్వింది. ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పిన విషయం ఇది. సీసాలో సువాసన నూనెలు ఉంటాయి, మిగిలింది స్పిరిటు, కాస్త నీరు. నూనె పాలు ఎంత ఎక్కువైతే అంత గాఢం, అంత సేపు నిలుస్తుంది, అంత ఖరీదు. అన్నిటికంటే గాఢమైనదాన్ని ఎక్స్‌ట్రైట్ అనో పర్ఫ్యూమ్ అనో రాస్తారు. చుక్క రాసుకుంటే రోజంతా ఉంటుంది. దుర్గ తెప్పించుకుని గుప్పించుకున్నది అదే. దాని తర్వాతది ఈడీపీ, అంటే ఓ డి పర్ఫ్యూమ్. పూటంతా ఉంటుంది, పెళ్ళిళ్ళకీ సాయంత్రాలకీ బాగుంటుంది. ఆ తర్వాతది ఈడీటీ. మూడు నాలుగు గంటలు ఉండి సద్దుమణుగుతుంది. కొలోను ఇంకా పలచన. అన్నిటి కిందా బాడీ మిస్టు, స్నానం చేసిన హాయి లాంటిది, కాసేపే. నాకు నా పూజ గది గుర్తొచ్చి అలా అర్థం చేసుకున్నాను. అత్తరు చుక్క, అరగదీసిన గంధం, గంధం కలిపిన నీళ్ళు, ఆఖర్న పన్నీరు చిలకరింపు. ఒకటే వరస.

"ఈడీటీ అంటే ఏంటండీ?" అని దుర్గ అడిగింది.

"ఓ డి టాయిలెట్ అండీ. ఆ పేరు చదివి సగం మంది అక్కడే పెట్టేసి వెళ్ళిపోతారు. టాయిలెట్‌లో కొట్టుకునేదేమో అని ఒక మాష్టారు నన్ను తిట్టేరు కూడా." సీసా తీసి కాగితం ముక్క మీద కొట్టింది. "మీకు ఇదేనండీ. మన ఉక్కకి గాఢమైనవి ఇంకా రేగుతాయి. మూసిన ఏసీ గదిలో పదిమంది మీదా పడతాయి. ఇది మూరెడు దూరం దాటదు. రెండుసార్లు చాలు. బట్టల మీద కొడితే ఉతికినా పోదు, ఒంటి మీదే కొట్టుకోండి. రుద్దకండి. ఇంట్లో వద్దు, ఆఫీసుకెళ్ళేక కొట్టుకోండి. మీ రొయ్యలూ బాగుంటాయి."

"ఇది రొయ్యల వాసన ఆపుతుందాండీ?"

"ఏ సెంటూ ఏ వాసన్నీ ఆపదండీ. పక్కన కూర్చుంటాది, అంతే."

ఆ మాటకి దుర్గ ముఖం పడిపోయింది. కాగితం మీద మూడు రకాలే చూశాం. అంతకు మించితే ముక్కుకి తేడా తెలియదట. నచ్చినది దుర్గకి వద్దని నా మణికట్టు మీద కొట్టించుకున్నాను. మధ్యలో దాని ఒంటి మీద ఏదీ కలవకూడదని నా ఉద్దేశం. తర్వాత బయటికి వచ్చి పక్క హోటల్లో ఇడ్లీ తిన్నాం. శుక్రవారం నాకు ఒంటిపూట కాబట్టి అదే నా భోజనం. తిన్నాక మణికట్టు చూసుకుంటే మొదటి ఘాటు పోయి, నిమ్మాకు నలిపినట్టు సన్నగా, మర్యాదగా ఉంది. కాగితం మీద వచ్చిన వాసనకీ దీనికీ పోలిక లేదు. తిరిగి వెళ్ళి చిన్న సీసా కొన్నాం. ఏడు వందల లోపే అయింది. ఆ అమ్మాయి సీలు తీయకుండా కొట్టు పేరున్న నున్నటి సంచిలో పెట్టి ఇచ్చింది.

ల్యాబ్‌కి నడిచే దూరమే. బాత్రూమ్‌లోకి వెళ్ళి సీసా విప్పి కొట్టుకోవాలని దుర్గ అనుకుంది. మేము తలుపు తోసేసరికి మేనేజరు మేడమ్ కౌంటర్ దగ్గరే నిలబడి ఉంది. నేను తలుపు పక్క కుర్చీలోనే ఆగిపోయాను. దుర్గ సంచి కౌంటర్ మీద పెట్టి నమస్కారం చేసింది. ఆవిడ చూపు ముందు సంచి మీద పడింది. తర్వాత దుర్గ పక్కకి వచ్చి, మెడ దగ్గరికి వంగి గాలి పీల్చింది. అక్కడ కూర్చున్న నలుగురూ చూస్తుండగానే. సంతలో పండు చూసినట్టు చూసింది.

"ఆ... ఇప్పుడు బావుంది. చూశావా, మనిషిలా ఉన్నావు. రోజూ ఇదే వేసుకో."

దుర్గ నా వైపు చూసింది. నేను దాని వైపు చూశాను. సీలు తీయని సీసా వాళ్ళిద్దరి మధ్య కౌంటర్ మీద ఉంది. నా మణికట్టు వాసన నా ఒడి దాటదు. దుర్గ ఒంటి మీద పొద్దున్న రుద్దుకున్న సబ్బు తప్ప ఏమీ లేదు.

"అలాగేనండీ," అంది దుర్గ.

"ఆవిడెవరు?"

"మా పెద్దక్కండీ."

"ఓహో." ఆవిడ నన్ను చూసి చిన్నగా నవ్వి, దగ్గరికి రాకుండా అక్కడి నుంచే అంది. "మీ రొయ్యలు భలే ఉన్నాయండీ. మా వదిన కూడా అడుగుతోంది. ఈసారి అమ్మాయి చేత కాస్త ఎక్కువ పంపండి."

నేను చేతులు జోడించాను. అది ఔననీ కాదు, కాదనీ కాదు. ఆవిడ లోపలికి వెళ్ళాక దుర్గ సంచి తీసి నా చేతిలో పెట్టింది. "నువ్వు వెళ్ళు పెద్దక్కా, బస్సు దొరకదు," అంది. దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది. అప్పుడే ఎవరో పరీక్ష కాగితం పట్టుకుని వస్తే, "రండి, మీ పేరు చెప్పండి," అని రాసుకోవడం మొదలుపెట్టింది.

తిరుగు ప్రయాణంలో నేను ఒక్కదాన్నే. కిటికీ పక్కన కూర్చుని సహస్రనామం మొదలుపెట్టి, మధ్యలో ఎక్కడో తప్పిపోయి, మళ్ళీ మొదటికి వచ్చాను. మా చెల్లెలి ఒంటికి లేని వాసన కోసం ఊరు దాటి వెళ్ళి మందు కొని తెచ్చాను. ఉంటే ఆ మందు పనిచేసేదేమో. లేనిదానికి ఏ గాఢత సరిపోతుంది? ఆ మేడమ్‌కి దుర్గ రొయ్యల ఇంటి పిల్ల అని తెలిసిన రోజు వాసన వచ్చింది, చేతిలో మంచి కొట్టు సంచి చూసిన రోజు పోయింది. ఆవిడ మీద కోపం తగ్గించమని స్వామిని అడిగాను. తగ్గిందని చెప్పను. ఈ దారిన సెంటు కొనడానికి వెళ్ళేవాళ్ళకి మాత్రం నాకు తెలిసిన ఒక్క మాట చెబుతాను. కాగితం మీద చూసి కొనకండి. మణికట్టు మీద కొట్టించుకుని, బయట గంట తిరిగి, మీ పనీ మీ ఇల్లూ తెలియని పరాయి మనిషికి చెయ్యి చాపి చూపించండి. వాళ్ళు దగ్గరికి వస్తేనే తెలిసేది ఆఫీసుకి చాలు, గుమ్మంలోంచే తెలిసేదైతే వద్దు.

రాత్రి వాళ్ళ భోజనాలయ్యాక నలుగురం వసారాలో కూర్చున్నాం. జరిగింది నేను చెప్పాను, దుర్గ మిగిలింది చెప్పింది. వెళ్ళి అడిగేస్తానని శ్రీను లేచాడు. వరలక్ష్మి కూర్చోబెట్టింది. "ఏమని అడుగుతారండీ? ఆవిడ బావుందనే అంది కదా," అంది. అప్పుడు దుర్గ నెమ్మదిగా, అమలాపురంలో ఆడపిల్లల హాస్టల్ ఒకటి చూశానని చెప్పింది. ఎవరైనా ఏ ఊరని అడిగితే ఇక అమలాపురమనే చెబుతానంది. ఉద్యోగం మానెయ్యమని శ్రీను అన్నాడు. మాననంది. ఇద్దరూ నా వైపు చూశారు. మా ఇంట్లో పెద్దమాట నాదే. ఒకటో తారీఖు నుంచి దుర్గ హాస్టల్లో ఉండాలనీ, ఆదివారాలు వచ్చి పోతుండాలనీ, వచ్చినప్పుడు రొయ్యలు ముట్టకూడదనీ, మేము ఎవరం ల్యాబ్‌కి వెళ్ళి దాన్ని పలకరించకూడదనీ అనుకున్నాం. ఆఖరిది అన్నది దుర్గ కాదు, నేను. అది వద్దనలేదు.